కణుపు

మర్రిగూడ కుమ్మరి అండాలు
నల్లగొండ దవాఖాన కుర్చీల కూసొని
నోరు తెరిచింది.
ఊరి బోరునీళ్లు అరవై ఏండ్లు కాల్చిన పండ్లు,
ఆవంల మాడిన పెంకు రంగు.

"సూది గాదమ్మా, ఉత్త వెలుగే" అన్న.
రెప్పపాటంత కూడా లేని మెరుపు
పన్ను లోపల ఇసుమంత వేడై, ఉబ్బి,
సద్దయి తిరిగొచ్చింది.
నా చెవికైతే అందలే.
తెర మీద వెంట్రుకంత గీత.

"అంటే ఎల్తురుతోని కొట్టి ఇంటున్నవ్.
నేను సుత గిట్లనే,
అంగట్ల ఒక్కో కుండను కణుపుతోని..."
మాట ఆపి
పగులు ఎక్కడుందో తనే చూపింది, నాలుకతో.
గీత అక్కడే ఉంది.

పోతూ పోతూ మిషన్ డబ్బాను
టక్కున కొట్టి చెవి ఆనించింది.
"పచ్చిగుంది బిడ్డా.
ఇంకో ఆవం కాలాలె."