ఆరు కిలోల గాలి

చర్లపల్లి, ఫేజ్ త్రీ. పొద్దున ఏడున్నర.
షట్టరు ఇంకా సగమే లేచింది.
నా మొదటి పని కంప్రెసర్ ట్యాంకు అడుగున వాల్వు తిప్పడం.
బుస్సుమంటూ ముందు నీళ్ళొస్తాయి,
తుప్పు రంగువి, నూనె వాసనవి.
నిన్న ఈ ఊరి మీద తేలిన తేమంతా,
రాంపల్లి చెరువు మీది మంచు,
రైలు గేటు దగ్గర మిర్చీల మూకుడు ఆవిరి,
ఎవరెవరి తడి మాటలో,
అన్నీ పిండితే ఇంతే, ఒక సొట్ట మగ్గు నిండా.

తర్వాత సూది లేస్తుంది.
రెండు, మూడున్నర, ఐదు.
ఆరు మీద ఆగుతుంది.

కొత్తలో అడిగాను,
ఆరు కిలోలేంది భాయ్, గాలికీ తూకమా?
గౌస్ భాయ్ రంపం బల్ల మీది పలక చూపించి
జరుపు, అన్నాడు.
పద్దెనిమిది ఎమ్మెమ్ మందం, ఎనిమిది బై నాలుగు.
భుజమానించి తోసినా అంగుళం కదల్లేదు.
ఆయన కాలితో పెడల్ నొక్కాడు.
బల్ల నిండా ఉన్న సన్నటి చిల్లులు
ఒక్కసారే ఊపిరి వదిలాయి.
కాగితమంత మందం గాలి మీద లేచి నిలబడింది పలక.
రెండు వేళ్ళతో తిప్పాను,
గల్లీ అరుగు మీద క్యారమ్ స్ట్రైకర్ని తిప్పినంత తేలిగ్గా.

కోసేది కరెంటే.
పట్టుకునేది మాత్రం గాలి.
సమయానికి వదిలేదీ గాలే.

రాజలింగాచారికి ఇదంతా నచ్చదు, నచ్చిందనీ అనడు.
ఆగాపురాలో మంచాల దుకాణం మూతపడ్డాక
ఇక్కడ కబ్జాలు బిగిస్తున్నాడు.
ఉలి దెబ్బ, ఉఫ్. ఉలి దెబ్బ, ఉఫ్.
నలభై ఏళ్ళు ప్రతి తొర్రలోంచీ
పొట్టును నోటితోనే ఊదాడు.
టేకుకి ఒక ఊపిరి, నల్లమద్దికి రెండు.
ఊదినవన్నీ తిరిగి రాలేదు.
ఇప్పుడు చొక్కా జేబులో నీలం రంగు పంపు,
దాన్లోనూ గాలే, ఇంత.

నిన్న మూడింటికి పెద్ద మిషన్ ఆగిపోయింది.
తెర మీద ఎర్రక్షరాలు: గాలి చాలదు.
కోకాపేట ఫ్లాట్ల కిచెన్లు, బయట లారీ,
లోపల కంప్రెసర్ రొప్పుతూనే ఉంది,
సూది నాలుగు దాటదు.
అన్నీ ఆపించాం.
రేకుల మీద వాన.
మేం చెవులు రిక్కించి, సబ్బు నురగ పట్టుకుని
రెండొందల అడుగుల పైపు వెంట వంగి వంగి.

ఆయనకి కుడి చెవి ఎప్పుడో రందా మిషన్ తినేసింది.
నురగ అడగలేదు.
సాండర్ కింది మైదాలాంటి పొడి పిడికెడు తీసుకుని
పైపు పక్కన చిటికెడు చిటికెడు రాలుస్తూ నడిచాడు,
ముగ్గు వేస్తున్నట్టు.
మూడో స్తంభం వెనక
పొడి నిలువుగా పడలేదు.

వెంట్రుక సందు. మూల మలుపులో.
బొటనవేలు అదిమిపెట్టి
సూది పైకి పాకుతుంటే అటే చూస్తూ అన్నాడు,
"గింత గాలి పుక్యానికి పోతాంది గదరా, పిలగా."

సాయంత్రం పోరగాళ్ళు ఎయిర్ గన్ పట్టుకుని
ఒకరి వీపు ఒకరు దులుపుకుంటారు.
గౌస్ భాయ్ చూస్తే గన్ కన్నా గట్టిగా అరుస్తాడు.
రాజలింగాచారి తువ్వాలతో కొట్టుకుంటాడు, రెండే దెబ్బలు,
కనురెప్పల మీది పొడిని అలాగే ఉండనిస్తాడు.
ఇప్పుడాయన దేన్నీ ఊదడు.
టీ కూడా సాసర్లో పోసి ఆరనిస్తాడు.

స్టేషన్ వంతెనకి ముప్పై ఎనిమిది మెట్లు.
పదిహేనో మెట్టు దగ్గర ఆయన ఆగుతాడు,
కింద పట్టాలు చూస్తున్నట్టు.
నేను చెప్పు తెగినట్టు వంగుతాను.
కింద లోకల్ కూత వేస్తుంది.
పోనీ, ఇంకోటొస్తది, అంటాను.