సుంకరి దగ్గర

చెక్‌పోస్టు ఎత్తేసి ఏండ్లయింది.
గేటు కర్ర తుప్పు పట్టి ఆకాశం దిక్కు లేచి నిలబడ్డది,
చెయ్యెత్తినవాడు ఎందుకెత్తిండో మరిచిపోయినట్టు.
అయినా వాడపల్లి వంతెన దిగంగనే
లారీలు అలవాటుగా నెమ్మదిస్తయి.
భయానికి రద్దు ఉత్తర్వులు రాలేదు.

మా జీపు ఆ చీకట్లోనే ఆగి ఉంటది.
నేను, డ్రైవర్ కనకయ్య, ఒక టార్చి,
అరచేతిలో వెలిగే ఫోను.
నా ఇంటిపేరు సుంకరి.
బడిల పిల్లలు ఆ పేరుతోనే ఏడిపిచ్చిన్రు.
నౌకరొచ్చినంక ఎవ్వరూ నవ్వరు. అదింకా కష్టం.

తాత ఇదే ఏటి గడ్డన
నిజాం కరోడ్‌గిరి నాకాలో చప్రాసి.
రాహ్‌దారీ చీటీ మీద మొహరు పడేదాకా
పుట్టి దిగిన మూట కదిలేది కాదట.
పొగాకు కట్టల్లోకి, ఉప్పు బస్తాల్లోకి
బారెడు ఇనుప చువ్వ గుచ్చి
లోపల ఏం దాగిందో చేతి నరంతో వినేటోడట.
నాకా పోయింది, రాజ్యం పోయింది,
చువ్వ మిగిలింది.
నాయనమ్మ దానితో పొయ్యిల నిప్పులు కదిపేది.
మక్కకంకులు కాల్చినప్పుడల్లా
"పదిలం, సర్కారుది" అనేది.

పన్నెండు దాటి నలభై నిమిషాలు.
మిరప బస్తాల లారీ, గుంటూరు నుంచి జడ్చర్లకు.
నంబరు కొట్టంగనే తెర మీద ఎర్ర అక్షరాలు:
బిల్లు గడువు అర్ధరాత్రితో సరి.
నలభై నిమిషాల కింద ఇది సరుకు.
ఇప్పుడు నేరం.
మిరపకాయలకు ఆ సంగతి తెలువదు,
ఎప్పటి లెక్కనే తుమ్ము తెప్పిస్తున్నయి.

డ్రైవరు దిగిండు. పేరు జానయ్య.
జానపాడు దర్గా మొక్కుకు పుట్టిండట, అడగకుండనే చెప్పిండు.
రెండు పంక్చర్లు, పనిచెయ్యని జాకీ, పిడుగురాళ్ల దగ్గర వాన,
బిడ్డకు జ్వరం, సేటు ఫోను స్విచాఫ్.
సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టని సామెత.
నా బ్యాడ్జి మీది పేరు చదివినట్టు లేదు,
చెప్పుకుంటనే పోయిండు.

లెక్క నాకు కంఠతా:
పన్ను, పన్నుకు రెండింతల జరిమానా,
బండి ఠాణా ముందర, తాళం నా దగ్గర.
పొద్దున పదింటికి పై ఆఫీసు అడిగే ఒకే ఒక్క మాటకు,
"రాత్రి ఎంత?" అన్నదానికి,
మంచి అంకె.

కానీ చట్టానికి ఒక పెరటి వాకిలి ఉంది.
దొంగలు తవ్వింది కాదు, రాసినోళ్లే పెట్టింది:
గడువు తీరినా ఎనిమిది గంటల లోపు
కారణం చూపి పొడిగించుకోవచ్చు.
ఆ ముచ్చట వాళ్లకు చెప్పాలని ఏ రూలూ లేదు.
చెప్పొద్దనీ లేదు.

చెప్పిన.

ట్రాన్స్‌పోర్టు గుమస్తా ఏడోసారికి ఫోనెత్తిండు.
"సైటు తెరుచుకోవట్లేదండీ" అన్నడు, సగం నిద్రలో.
కూసున్నం.
మూసీ తెచ్చిన నురగ కృష్ణలో కలిసే వాసన.
జానయ్య స్టెప్నీ మీద కూసోని సద్దిడబ్బా విప్పిండు.
ఆ రెండు పంక్చర్లు పడ్డ రోడ్డు కూడా
ఈ పన్నుతోనే వేసి ఉంటరని
నాకు తోచింది, పైకి అనలేదు.
నడుమల లేచి ఒక బస్తా కుట్లు విప్పించిన.
జాలి ఉన్నచోట అనుమానం ఉండదనుకునేటోళ్లు
ఈ నౌకరి చేసినోళ్లు కాదు.
చెయ్యి లోపలికంటా పెట్టిన.
అంతా మిరపే.
తాత చేతి నరం నాకు రాలేదు,
మోచేతి దాకా మంట వచ్చింది.

మూడుంబావుకు అక్షరాలు పచ్చబడ్డయి.
జానయ్య దండం పెట్టలేదు, నాకదే నచ్చింది.
ఎంగిలి డబ్బా కడుక్కొని, టైర్లు కాలితో తన్ని చూసుకొని,
"పోతున్న మేడం" అన్నడు.
రిజిస్టరులో వివరణ గడి వేలెడు కూడా ఉండదు.
"పంక్చరు" అని రాసిన.
పదింటికి "సున్నా సార్" అనాలె. గొంతు సవరించుకున్న.

తెల్లారుతుంటే కనకయ్య చూపెట్టిండు,
బానెట్ మీద ఒక్క మిరపకాయ.
ఏ బిల్లులో లేదు, ఏ తూకంలో లేదు.
ఇంటికి తీసుకపోతే లంచం.
ఏట్లో వేద్దామంటే మనసొప్పలేదు.
మూసిన చెక్‌పోస్టు కిటికీ దగ్గరికి పోయి
చలానా తోసే సందులోంచి లోపలికి జారవిడిచిన.

ఎవరన్నా ఉంటే
తుమ్ముతరు.