వెలిసిన నలుపు

అపింగ్టన్‌లో ఎండ పన్ను వసూలుకొచ్చిన మనిషి.
ఏ ఇంటినీ వదలదు.
ద్రాక్షని ఎండుద్రాక్ష చేశాక
మిగిలిన పూటంతా బండ్ల మీదే.
రేకుకి లక్క ఉంది, అద్దానికి లెక్క లేదు,
మధ్యలో దొరికిపోయేది నల్ల ప్లాస్టిక్కే:
బంపరు, అద్దాల డిప్పలు, వైపర్ల కింది జాలీ,
తలుపు నడుముకి కట్టిన పట్టీ.
ముందు పలక రంగు, ఆ తర్వాత
పొయ్యి ఆరిన మర్నాటి బూడిద.

నా షెడ్డుకి బోర్డు లేదు.
డోర్తియా దగ్గర అంటే చాలు, చూపిస్తారు.
ఇక్కడికి రాకముందు అందరూ సొంత వైద్యం చేసుకునే వస్తారు.
బడి పంతులు బూట్ పాలిష్ రాశాడు,
ఫిబ్రవరిలో పడ్డ ఒక్క వానకి
బండి చారలు చారలుగా ఏడ్చింది.
రొట్టెల కొట్టామె వంటనూనె పూసింది,
గరీప్ ఒడ్డున ఉన్న దుమ్మంతా
పిలవని చుట్టమై వచ్చి కూర్చుంది.
కుర్రాళ్ళయితే వేడిగాలి తుపాకీ పడతారు.
సెగ తగలగానే ప్లాస్టిక్ తన లోపలి నూనె పైకి తెచ్చుకుని
నిగనిగలాడుతుంది, నిజమే,
చూడటానికి నాకూ ఇష్టమే,
కానీ అది దాని మూలుగలోది.
మూడోసారికి తెచ్చుకోడానికేం ఉండదు.

ఈసాక్ స్వార్ట్‌బూయ్ ఏ వైద్యమూ చెయ్యలేదు.
మంగళవారం పొద్దున బక్కీ ఆపి
"నల్లగా చెయ్యి. అంతా," అన్నాడు.
వాళ్ళ ఇంటిపేరులోనే నలుపుంది, నవ్వొచ్చింది, నవ్వలేదు.

ఎడమ తలుపు పట్టీ మీద
ఎప్పుడో పీకేసిన స్టిక్కరు ఇంకా ఉంది.
కాగితం లేదు, జిగురు లేదు,
కానీ కప్పి ఉన్నన్నాళ్ళూ ఎండ తగలని చోట
అక్షరాలు కొత్త బండి నలుపుతో మిగిలాయి:
*స్వార్ట్‌బూయ్ అన్నదమ్ములు. పంపు రిపేర్లు.*
చుట్టూ బూడిద.

సబ్బుతో కడిగాను.
గరుకు సందుల్లో తెల్లగా ఇరుక్కున్న పాత మైనాన్ని
నా పాత టూత్‌బ్రష్‌తో తవ్వాను.
స్పిరిట్ గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి,
రంగు అంచులకి టేపు అంటించి,
స్పాంజి మీద నాలుగే చుక్కలు.
ఎక్కువైతే మందు కాదు, మరక.
ముందు బంపరు తేరుకుంది. అద్దాలు. జాలీ.
అతను డ్రమ్ము మీద కూర్చుని మాట్లాడకుండా చూస్తున్నాడు.

తలుపు దగ్గరికొచ్చి ఆగాను.
"ఆ పేరు ఉంచమంటే దాని మీద టేపు వేస్తాను," అన్నాను.
అనేశాక నాకే తట్టింది, ఎంత తెలివితక్కువ మాటో:
చుట్టూ నల్లబడితే
నలుపులో నలుపు ఎవరు చదువుతారు?
ఆ పేరు కనిపిస్తున్నదే
మిగతాదంతా పాడైనందుకు.

ఈసాక్ లేచి వచ్చాడు.
చూపుడువేలితో రెండో మాట మీద మాత్రం రాశాడు,
చిన్నపిల్లాడు పలక మీద దిద్దినట్టు.
"స్టిక్కరు పీకింది నేనే," అన్నాడు.
"డీజిలు డబ్బుల దగ్గర.
వాడు చూస్తుండగా పీకాను."
కాసేపాగి,
"ఈ పట్టీ వదిలెయ్. సీసాలో మిగిలింది ఇవ్వు,
నేనే రాసుకుంటా."
పట్టీకి డబ్బు తగ్గించబోతే ఒప్పుకోలేదు.

చలికాలంలో పెట్రోలు బంకు దగ్గర ఆ బక్కీ కనిపించింది.
బంపరు నేను పంపినట్టే ఉంది, నీళ్ళు ముత్యాల్లా జారుతున్నాయి,
నా చేతిపని మీద నాకు గర్వం.
ఎడమ పట్టీ అలాగే ఉంది.
అలాగే అంటే పూర్తిగా అలాగే కాదు,
అక్షరాలు కూడా కొంచెం వెలిశాయి.
ఇప్పుడు వాటికీ కప్పు లేదుగా.
ఇంకో రెండు వేసవులు పోతే
చుట్టూ ఉన్న బూడిదలో కలిసిపోతాయి,
చెరపకుండానే.

సీసా డాష్‌బోర్డు మీదే ఉంది.
మూత తీసినట్టు లేదు.
పక్క సీట్లో ఎవరో ఉన్నారు,
అద్దం మీద ఎండ పడి
ముఖం తెలియలేదు.