ఒక్క రింగు

నాలుగుంబావుకి ఫోను ఒక్కసారి మోగి ఆగుతుంది.
ఎత్తకూడదు. అదీ ఒప్పందం.
ఎత్తితే మాట మొదలవుతుంది,
మాట మొదలైతే
నిద్రకి సాకు దొరుకుతుంది.

నాకు చేసేది దాలినాయుడు,
పోర్టులో క్రేను నడిపి రిటైరైనవాడు.
అతనికెవరూ చేయక్కర్లేదు,
షిఫ్టు సైరన్లు ఎముకల్లో ఇంకా కూస్తుంటాయట.
నేను ఎస్తేరు రాణికి,
రాణి రజియాకి, రజియా సీతన్నకి,
సీతన్న
మేడ తాళం దాచుకున్న కనకమాలక్ష్మికి.
ఇలా కంచరపాలెంలో ఆరిళ్ళ మధ్య
పాలపేకెట్ల కుర్రాడి కంటే ముందు
చీకట్లో ఒక రింగు నడిచి వెళ్తుంది.

అంతకుముందు నేను ఒంటరి యోగిని.
జనవరి ఒకటిన కూర్చున్నాను,
నాలుగో తారీఖుకి దుప్పటి గెలిచింది.
ఉగాదికి మళ్ళీ మొదలెట్టి
నాలిక మీద వేపపువ్వు చేదు పోకముందే మానేశాను.
చాప కొన్నాను, అలారం కొన్నాను,
తెల్ల లాల్చీ కూడా కొన్నాను.
లేవడం ఒక్కటే ఏ కొట్లోనూ దొరకలేదు.
టీ బడ్డీ దగ్గర ఇదంతా విని
దాలినాయుడు గ్లాసు కింద పెట్టాడు:
"ఒక్కడివీ లాగితే
వల ఒడ్డుకొస్తాదేటి బాబూ?"

మేడ మీద, రైల్వే యార్డు వైపు.
రాత్రంతా రాలిన బొగ్గుపొడిని
కనకమాలక్ష్మి తడిగుడ్డతో తుడుస్తుంది.
అయినా లేచేసరికి
మా బట్టల వెనక ఆరు నల్ల గుండ్రాలు.

కళ్ళు మూసుకుంటాం.
లోపల ఏముంటుందనుకున్నారు?
నాకైతే గ్యాసు బండ.
చెల్లెలితో తెగని గొడవ.
గాజువాక బస్సులో తిరిగి రాని పది రూపాయల చిల్లర,
కండక్టరు మొహంతో సహా.
ఊపిరి దగ్గరికి వస్తాను.
మళ్ళీ కండక్టరు.
మళ్ళీ ఊపిరి.
కింద గూడ్సు బండి వెళ్తుంటే
యాభై ఎనిమిది పెట్టెలు,
లెక్కపెట్టకూడదని తెలిసీ లెక్కపెట్టాను.

రాణి పెదవులు కదులుతుంటాయి, ఏమిటని అడగం.
అజా వినగానే రజియా
చప్పుడు చెయ్యకుండా లేచి మెట్లు దిగుతుంది.
సీతన్న నిద్రపోతాడు, నిటారుగా.
అదీ ఒక విద్యే.

అరవై రెండో రోజు
రింగు రాలేదు.
నాలుగూ పదహారు. పదిహేడు.
బయట వాన, వాయుగుండం అని రాత్రే చెప్పారు.
మంచం అంచున కూర్చుని
వెలగని ఫోను వంక చూస్తుంటే
అప్పుడు తట్టింది,
ఎవరూ లేపకుండానే లేచానని.
సంబరపడే తీరిక లేదు.
నా వెనక నలుగురున్నారు,
వాళ్ళ తెల్లవారుజాము
నా బొటనవేలి కింద ఉంది.

రాణికి ఒక్క రింగు ఇచ్చాను.
ఆగి, ఎప్పుడూ లేనిది,
వెనక్కి, దాలినాయుడికి.
మోగుతూనే ఉంది. ఏడో రింగుకి ఎత్తాడు.
"జొరం బాబూ, ఒళ్ళు పేలిపోతంది.
గొలుసు తెగిపోనాదేటి?"
"లేదు, ముందుకెళ్ళింది" అన్నాను.
అవతల చాలాసేపు వాన చప్పుడు.

ఆ రోజు మేడ ఎక్కలేదు.
గొడుగుల్లో అతనింటికెళ్ళి
రేకుల వసారాలో వరసగా కూర్చున్నాం,
మోకాళ్ళకి జల్లు కొడుతుంటే.
కిటికీ వెనక మంచం మీంచి దగ్గు,
దగ్గుకీ దగ్గుకీ మధ్య అతని ఊపిరి.
నా ఊపిరి మరిచిపోయి
దాన్నే పట్టుకుని కూర్చున్నాను.
కండక్టరు ఆ రోజూ వచ్చాడు.
తడిసిపోయి ఉన్నాడు పాపం,
కాస్త జరిగి చోటిచ్చాను.

కళ్ళు తెరిచేసరికి
వీధిలైటు ఇంకా ఆరలేదు.
లోపల్నించి గొంతు:
"ఎంతమందొచ్చినారు?"
"ఐదుగురం."
"నేనూ కూకున్నాను కదేటి,
ఆరని సెప్పు."