పలుకు

కుక్కుంటే రాయుండదు, రాయుంటే కుక్కుండదంటారు గానీ
మా బొబ్బర్లంకలో ఆ సామెత సగమే నిజం.
కుక్క ఎప్పుడూ ఉంటుంది.
ముప్పై అడుగులు తవ్వినా ఒండ్రు, దాని కింద ఇసక,
ఇసక కింద గోదారే.
అలాంటి నేల మీద రాతిపని వాళ్ళం
ఏం తిని బతికేమో అడక్కండి.

తెల్లారకుండా బారేజీ దాటి ధవళేశ్వరం వేపు నడక,
కొండ వెనక ఎకరం లీజు క్వారీకి.
మావ భుజాన సమ్మెట, నా నెత్తిన గంజిచట్టి,
చట్టిలో అడుగడుక్కీ ఉల్లిపాయ దొర్లే చప్పుడు.

జంపరు రాడ్డు నేను పట్టుకుని పావు వంతు తిప్పాలి,
ఆయన కొట్టాలి.
తిప్పు, దెబ్బ. తిప్పు, దెబ్బ.
కాపరం అంటే ఇదే కాబోలనుకున్నాను చాన్నాళ్ళు.
ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి దెబ్బ తప్పింది.
ఇదిగో ఈ చిటికెన వేలు, గోరు లేదు.
ఆ పూట ఆయన అన్నం తినలేదు.
నేను తిన్నాను.

మూడడుగుల బెజ్జం దిగేక
కొబ్బరీనెకి తడిగుడ్డ చుట్టి లోపలి పిండి తీసేవాడు.
పిండి ఎగిరేది. గోధుమ పిండిలా ఎంత మెత్తనో,
కనురెప్పల మీద, మీసం మీద, గంజి మీద.
మందు కూరి, వత్తి ముట్టించి,
"మందోయ్..." అని ఒక్క కేక.
కొంగలు లేచేవి. మేస్త్రి ముసలయ్య
లెక్కపుస్తకం చంకలో పెట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తేవాడు.

రాయి విడిపడ్డాక మొదట దగ్గరికెళ్ళేది నేను.
చిన్న సుత్తితో ఒక్క తట్టు.
కంచులా పలికితే గట్టురాయి, లారీకి.
దబ్బుమంటే లోపల జీరుంది, కంకరకి.
పైకి నున్నగా ఉండనీ, నీలంగా మెరవనీ,
పలుకులో తెలిసిపోతుంది.
"నూకాలు చెవికి తిరుగులేదు" అనేవాడు ముసలయ్య.
చెవికి మాత్రం కూలి కట్టలేదు.

ఎనభై ఆరు వరదకి గట్లు తెగితే
లాంతర్లు పెట్టుకుని రాత్రిళ్ళూ కొట్టేం.
కిందికెక్కడెక్కడికో, సముద్రం దాకా పోయేయట మా రాళ్ళు.
మాకంటే ఎక్కువ ఊళ్ళు చూసేయి.

దగ్గొచ్చింది. చలికాలం దగ్గన్నాం.
ఎండాకాలం వచ్చేక బీడీ దగ్గన్నాం.
బీడీ మానేసేక ఏ పేరూ పెట్టలేదు.
ఒక రాత్రి అన్నం పలుకు మీదుందని కంచం తోసేసేడు.
నోట్లో పెట్టుకు చూసేను.
మెత్తగానే ఉంది.

కాకినాడ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
మావ వీపు మీద ఎడం చెయ్యి ఆనించి
కుడిచేతి నడిమి వేలితో తట్టింది.
పైన ఒకటి. కాస్త కింద ఒకటి. పక్కన ఇంకోటి.
నేను గుమ్మంలో నిలబడి విన్నాను.
తరవాతెప్పుడో ఫొటో వెలుగుకి పట్టి
"తెల్లగా పలుకులు చూడమ్మా, ఇదంతా..." అని మొదలెట్టింది.
తెలుసండీ అన్నాను.
ఎలా తెలుసు అంది.
మనిషి వింటుంటే ఏం చెప్తాం.

లంకలో గుంట అరగంటలో తవ్వేసేరు కుర్రాళ్ళు.
పార దిగితే చప్పుడే లేదు,
మినప్పిండిలో గరిటె దిగినట్టు.
మావ చూసుంటే నవ్వేవాడు,
దీనిక్కూడా కూలెందుకురా అని.

తలవేపు పెట్టడానికి రాయి కావాలన్నారు.
ఊరంతా తిరిగేరు. ఆఖరికి గట్టుకి పోయి
నీటివార నుంచి ఒకటి ఊడబెరికి తెచ్చేరు.
అలా తీస్తే కేసట, గోనె కప్పి తెచ్చేరు.
పాచి తుడిస్తే ఒక అంచున
సగం జంపరు గాడి, వేలు పట్టేంత.
ఎవరు తిప్పిందో, ఎవరు కొట్టిందో.

అలవాటు కొద్దీ కణుపుతో తట్టేను.
అందరూ నా మొహంలోకి చూసేరు.

పెట్టండన్నాను.