నీటి గీత

టేకు డిపోల ఇరవై రెండేండ్లు
మంది కట్టెకు కొలతలు రాసిన.
పొడుగు, చుట్టుకొలత, ఘనపుటడుగులు, కొన్నోని పేరు.
నాదైన కట్టె ఇదే మొదలు:
వేలంల ఎవ్వరూ పాడని పగుళ్ళ పలకలు, పదకొండు.
రసీదు బియ్యం డబ్బాల దాచిన,
ఫారెస్టోళ్ళు అడిగితే చూపెట్టనీకి.

సిరొంచల మా ఇంటెనక రేకుల కొట్టంల
రెండు స్టూళ్ళ మీద
ఒకనాడు ఎల్లకిల, ఒకనాడు బోర్ల పడుకుంటది పడవ.
పద్నాలుగడుగులు. ఒక్క మనిషి పడ్తడు.
కయాక్ అంటరట. మా ఇంటామె కాకి అంటది.
"నీ కాకి వాసన అన్నంలకొస్తుంది" అంటది,
టర్పెంటైన్ డబ్బా మూత ఎతుక్కుంట.

గరుకు కాగితం ఎనభై నంబరు, ఎన్క నూట ఇరవై,
ఎన్క రెండొందల ఇరవై.
నంబరు పెరిగినకొద్ది చప్పుడు తగ్గుతది.
తడిగుడ్డ పెట్టి తుడిస్తే
ఎండిన టేకు ఒక్క నిమిషం చెట్టయితది,
ఆరంగనే మళ్ళ పలక.
ఆ నిమిషాన్ని ఆపనీకే వార్నిష్.

మొదటి పూత కట్టె తాగేసింది.
రెండోది సగం తాగింది.
మూడోది పైన నిలవడ్డది,
ట్యూబులైటు దాన్ల పొడుగ్గ పండుకుంది.
సరిగ్గ అప్పుడే వాన ఎలిసి ఉసిళ్ళు.
లైటార్పేసరికి నాలుగు అంటుకున్నయి.
చిమటతోని తీసిన. ఒక్క రెక్క మాత్రం రాలేదు.
ముక్కు దగ్గర ఇంకా ఉంది,
ఉల్లిపొర తునక లెక్క.

నడిమి పలక మీద డిపో సుత్తి ముద్ర.
నా చేత్తోనే పుస్తకంల ఎక్కిన నంబరు, ఏ ఏడాదో యాదిలేదు.
రందా పట్టిన. రెండంకెలు పోయినయి.
ఎందుకో చెయ్యాగింది.
వార్నిష్ పడంగనే మిగిలిన ఏడు
మునుపటికన్న నల్లగ తేలింది.

పైన వార్నిష్, అడుగున రంగు.
అడుగు పలకలకు పుట్టీ ఎక్కువ పెట్టిన, ఎవ్వరికీ చెప్పలే.
బడి గోడలకు మిగిలిన డబ్బా తెచ్చిన.
"నిళా" అని మూత మీది మరాఠీ చదివింది నా బిడ్డ,
సార్ ముందర నిలబడ్డ గొంతుతోని.
కుంచె అందుకొని "నీలం మస్తుంది బాపు" అన్నది.

ఓదెలు పొద్దుగూకంగ వచ్చి బండ మీద కూసుంటడు.
వంతెన పడకముందు ప్రాణహిత మీద నావ ఆయనదే.
మేకలు, పెండ్లిపిల్లలు, ఒకసారి పోస్టాఫీసు బీరువా.
"మాకు గుగ్గిలం, నూనె. గిన్ని డబ్బాలెక్కడియి?"
వాసన చూస్తడు. మెచ్చడు, లేచిపోడు.
"ఒక్కడు పట్టే పడవల ఎవరిని దాటిస్తవురా?"
నేను కుంచె నుంచి ఊడిన వెంట్రుక ఏరుకుంటున్న.

నీలం ఎక్కడ ఆపాల్నో తెల్వక
మూడు దినాలు టేపు అంటించిన, పీకిన,
అంటించిన, పీకిన.
నిన్న ఓదెలు బండ దిగిండు.
"ఎంత తూగుతవ్?"
"డెబ్బై రెండు కిలోలు."
"తిన్నంకనా, తినకముందా?"
కిందికెల్లి మీదిదాక చూసిండు నన్ను,
నేను దుంగను చూసినట్టు.
జానలు పెట్టుకుంట పడవ చుట్టు తిరిగి
సుద్దముక్కతోని గీత గీసిండు.
దారం లేదు, టేపు లేదు, యాడ ఆగలే.
"ఈడిదాక మునుగుతవ్" అన్నడు.
పడవ అనలేదు.

గీత మీద ఎర్ర రంగు నేనే వేసిన.
రెండు చోట్ల చెయ్యి వణికింది, ఆడ కొంచెం లావు.
ఆరనీకి ఇంకో మూడు దినాలు.
ఏరెంతుందో చూసొస్తనని పోయిండు ఓదెలు,
చెప్పులు బండ కాడనే ఉన్నయి.

రాత్రి బువ్వ కాడ
గంటె ఎత్తి పట్టుకొని ఇంటామె అడిగింది:
"ఇంకింత ఎయ్యనా,
గీత దాటుతవా?"