తేదీకి ముందు ఒక ఖాళీ

నానక్‌రాంగూడ, ఏడో అంతస్తు.
రాత్రి రెండూ నలభై.
ఏసీ చలికి చున్నీ చెవులకు చుట్టుకుని
నలభై మూడు మిషన్ల మాటలు వింటున్నాను.

నిజానికి అన్నీ చెప్పేది ఒకటే:
ఎవరో తలుపు తట్టారు, తాళం కలవలేదు.
లినక్స్ ఒక్క వరుసలో చెప్పి ఊరుకుంటుంది.
సొలారిస్ ముందుగా తన నంబరు చెప్పుకుంటుంది,
బోనెక్కిన సాక్షిలా.
ఏఐఎక్స్‌కి "ఫలానా వారు పంపగా వచ్చినది" అననిదే
నోరు పెగలదు.
విండోస్ అయితే పద్నాలుగు వరుసలు.
అసలు సంగతి పదకొండో వరుసలో.

ఒకటి సంవత్సరం చెప్పదు.
ఒకటి మన గడియారం చూస్తుంది, ఒకటి గ్రీనిచ్‌ది.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడం విన్నాం,
ఇక్కడ ఐదున్నర గంటల ముందే
మొరిగినట్టు రాసి ఉంటుంది.

"మా యాకుత్‌పురాల పర్సోం అంటరు చూడక్కా," అన్నాడు ముజ్తబా,
"మొన్న కావచ్చు, పోయిన రంజాన్ కావచ్చు.
వినేటోనికి సమజైతది.
నీ పార్సరుకు కాదు."

ప్రతి నెలా మొదటి వారం, ఇంకో రెండ్రోజులు,
మా తెర నిశ్శబ్దంగా ఉండేది.
జీతాలు పడ్డ వారం కదా, మిషన్లకూ మనశ్శాంతి
అని నవ్వుకునేవాళ్ళం.

ఇవాళ అర్ధరాత్రి తొమ్మిది కాస్తా పది అయింది.
తెరంతా ఎర్రబడింది.

అప్పుడు తెరిచాను, చెత్త అని పక్కన పడేసిన వరుసల ఫైలు.
కింగ్‌కోఠీ ల్యాబులో
రక్తం సీసాల ఫ్రిజ్‌ని కాపలా కాసే పాత మిషను,
మూడో తారీఖు నుంచీ రోజూ మూడూ పన్నెండుకి
డిస్కు పోతోంది
డిస్కు పోతోంది
అంటూనే ఉంది.

పది కన్నా చిన్న అంకెకు
కొన్ని మిషన్లు ముందు సున్నా పెడతాయి.
ఇది పెట్టదు. ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది,
రాని మనిషికి విస్తరి వేసినట్టు.
మార్చిలో నేను రాసిన నియమం
ఒక్క ఖాళీనే లెక్కపెట్టింది.
రెండోది కనపడగానే
టైము ఉండాల్సిన చోట తేదీ, పేరుండాల్సిన చోట టైము,
మొత్తం వరుస చెత్తలోకి.

తప్పు మాట్లాడింది ఎవరూ లేరు.

ఖాళీ పక్కన చిన్న ప్లస్ గుర్తు పెట్టాను.
ల్యాబుకి ఫోన్ చేస్తే
ఎవరో నిద్రగొంతుతో, "ఆ డబ్బానా? ఎప్పట్నుంచో
గుర్రు పెడుతుందమ్మా" అన్నాడు.
ఎప్పట్నుంచి అని అడగలేదు.

ఐదింటికి కిందికి దిగితే ఐలయ్య రిజిస్టరు జరిపాడు.
నా పైన ఎవరో "తెల్లారి 4" అని,
ఆ పైన ఇంకొకరు 03-50 అని,
ఇంకా పైన ఐలయ్య అక్షరాల్లో "మూడు కొట్టినంక".
ఎన్నాళ్ళుగానో సంతకం పెడుతున్నాను,
ఇవాళే చదివాను.

తేదీ: 10.
ఖాళీ వదలాల్సిన పని లేదు.
అయినా చెయ్యి కాసేపు ఆగింది.